పైడయ్య పిండి కేబుల్

1999 జూలై 14, బుధవారం. పొద్దున సన్నని తుంపర, మధ్యాహ్నానికి అప్పడాలు ఆరేంత ఎండ. అప్పడాలంటే గుర్తొచ్చింది, పైడయ్య ఇంట్లో ఎవరితోనైనా "అప్పడాలు చూస్తుండు" అంటే, కాకి ఎత్తుకుపోతున్నా చూస్తూనే ఉండేవారు. "చెప్పింది చెప్పినట్టు చేసే వంశం మాది" అని పైడయ్యకి మహా గర్వం.

సరే, ఆ బుధవారం వాళ్ళ మేనత్త నూకాలమ్మ తన పాలకేంద్రంలో పైడయ్యనీ, తమ్ముడు కన్నంనాయుడినీ నిలబెట్టింది. ఆవిడకి పిల్లలు లేరు. బల్లకి ఒక కొసన పాలలో వెన్న కొలిచే యంత్రం, రెండో కొసన కొత్త కంప్యూటరు.

"ఒరే, ఈ యంత్రంలోంచి ఆ కంప్యూటర్లోకి పాల లెక్క ఎవరు చేరవేస్తే, నా తరవాత కేంద్రం వాళ్ళది. గేదె తరవాతి వాళ్ళకి. శుక్రవారం కాగితం రాయించేస్తాను."

పైడయ్య ఆ కేంద్రంలో ఏళ్ళ తరబడి క్యాన్లు కడిగాడు గానీ, అత్త తిరిగే కుర్చీలో ఒక్కసారీ కూర్చోలేదు. ఆ కుర్చీ అంటే అతనికి ప్రాణం.

వెంటనే పట్నం వెళ్ళి ఒక కేబుల్ తెచ్చాడు. యంత్రం వెనకా పుల్లల్లాంటి పిన్నులే, కేబుల్ కొసనా పుల్లలే, ఒకదాంట్లో ఒకటి దూరలేదు.

"ఇందులో పుల్లలు ఎక్కువయ్యాయి అన్నయ్యా" అని కన్నంనాయుడు పట్టకారుతో కేబుల్ పుల్లలన్నీ పీకేశాడు. ఇంకేముంది, యంత్రానికి ఆనించి వదిలితే ఊడి కింద పడింది.

మర్నాడు పైడయ్య మళ్ళీ దుకాణానికి పోయాడు. కొట్టాయన ఓపిగ్గా చెప్పాడు. "రెండు పెట్టెల వెనకా పుల్లలుంటే, రెండు కొసలా కన్నాలున్న సీరియల్ కేబుల్ కావాలి బాబూ. ఆ పుల్లలన్నీ కన్నాల్లో ఇమడాలి. అప్పుడు లెక్క ఒకదాని వెనక ఒకటిగా నడిచి వెళుతుంది. ముందు ఆ పుల్లలెన్నో అచ్చు తీసుకురా."

పైడయ్య ఇంటికొచ్చేసరికి పెళ్ళాం రాములమ్మ తీపి పూరీలకని పంచదార నీళ్ళతో మైదాపిండి కలుపుతోంది. ముద్ద లాక్కుపోయి యంత్రం వెనక అదిమాడు. తీసి చూస్తే తొమ్మిది కన్నాలు. కంప్యూటరుకీ అదిమాడు. తొమ్మిదే.

"ఒరే తమ్ముడూ, పుల్లలన్నీ ఇమిడాయా?"

"ఇమిడాయి."

"రెండు పక్కలా కన్నాలేనా?"

"కన్నాలే."

"మరి కొనడం దేనికిరా?"

అంతే. ఇద్దరూ కూర్చుని పిండిని తాడులా పేని, బల్ల ఈ కొస నుంచి ఆ కొసకి తగిలించారు. రాములమ్మ వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది. "నా పూరీలేవయ్యా?"

"కంప్యూటరుకి కట్టాం. ముట్టకు."

శుక్రవారం పొద్దున అత్త రాతగాడిని వెంటబెట్టుకొచ్చింది. పిండి తాడు మీద చీమలు బారు కట్టాయి. ఒక్కోటీ ఒక తెల్లటి పిండి నలుసు మోసుకుని, కంప్యూటరు వెనక సందులో దూరుతోంది.

"అత్తా, చూడు, లెక్క వెళుతోంది! ఒకదాని వెనక ఒకటి!" అన్నాడు పైడయ్య.

"తెల్లగానే ఉంది, పాలదే" అంది అత్త. "తెర మీద ఏమీ రాలేదేంరా?"

"ఇంకా దించుకుంటోంది."

కుర్చీ వైపు పైడయ్య చెయ్యి చాచాడు. అప్పుడు కన్నంనాయుడు గొంతు సవరించుకున్నాడు. "అత్తా, చేరవేసిన వాళ్ళకి కదా అన్నావు. అన్నయ్య మోశాడా, చీమలు మోశాయా?"

అత్త ఆలోచించింది. పైడయ్యా ఆలోచించాడు. అబద్ధమాడే వంశం కాదు. "చీమలే మోశాయి" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"మరి తరవాతి వాడివి నువ్వా?"

"కాదత్తా. అడ్డం పడి న్యాయం చెప్పింది తమ్ముడు. వాడే."

రాతగాడు కలం ఆపి వాళ్ళ ముఖాలు చూశాడు. చెప్పింది రాయడమే అతని పని, రాశాడు.

మరుసటి ఏడు అత్త పోయింది. కాగితం ప్రకారం కేంద్రం, కంప్యూటరు, తిరిగే కుర్చీ చీమలకి దక్కాయి. గేదె కన్నంనాయుడికి. పైడయ్యకి ఏమీ రాలేదు. కాగితం చదివిన సాయంత్రం అతను కుర్చీ తుడిచి, దాని మీద గుప్పెడు పంచదార పోసి, పాలు పోయడానికొచ్చిన వాళ్ళని గుమ్మంలోనే ఆపాడు. "కాస్త ఉండండి, యజమానులు ఇంకా కుర్చీ ఎక్కుతున్నారు."