పిగిలిపిట్ట తోక కింద జాజు

ఒకప్పుడు పొదల్లో తిరిగే చిన్న పిట్టలన్నీ ఒకటే మట్టిరంగు. పిగిలిపిట్టా అంతే. ఏది ఏ పిట్టో వాటి తల్లులకు తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు.

ఐలవ్వ అనే గొర్లకాపరి రోజూ తన మందను రేగుపొదల దగ్గర మేపేది. అక్కడ ఒక పొదలో పిగిలిపిట్ట గూడు కట్టి మూడు గుడ్లు పొదిగి పిల్లల్ని చేసింది. ఐలవ్వకూ పిగిలికీ ఒక ఒప్పందం ఉంది. పాము కనిపిస్తే పిగిలి అరవాలి, ఐలవ్వ కర్ర పట్టుకొని రావాలి. అలాగైతే గొర్రెపిల్లలూ బతుకుతాయి, పిట్టపిల్లలూ బతుకుతాయి.

చిక్కల్లా పక్కపొదలోని వదరుబోతు పిట్టలతోనే. ఎండుటాకు కదిలినా అవి గోల పెట్టేవి. పాపం ఐలవ్వ మూడుసార్లు పరుగెత్తుకొచ్చింది. మూడుసార్లూ పాము లేదు. నాలుగోసారి అరుపు వినబడితే, "అరిస్తే అరవనీ" అని కూర్చున్నచోటునుంచి కదల్లేదు.

ఆసారి అరిచింది పిగిలి. పాము ఒక పిల్లను మింగేసి పోయింది.

పిగిలి ఏడుస్తూ వచ్చింది. "అవ్వా, నేనే కద మొత్తుకున్నది! ఎందుకు రాలె?"

ఐలవ్వ మనసు చివుక్కుమంది. "తప్పయింది బిడ్డా. కని మీరందరు ఒక్కతీరుగ ఉంటిరి. మొత్తుకునేది నువ్వో వాళ్లో నాకెట్ల ఎర్కయితది?"

తన మందవైపు చూసి మళ్ళీ అంది. "మందలు కలిసిపోతే నా గొర్లను ఎట్ల గుర్తుపడుత? వీపు మీద జాజు పూసుంట గనుక. రా, నీకు గూడ పూస్త."

జాజు అనే ఎర్రమట్టిని తడిపి, పిగిలి వీపు మీద బొట్టంత పెట్టింది.

పైన తిరిగే డేగకు ఆ ఎరుపు ఇట్టే కనిపించింది. రివ్వున దిగింది. పిగిలి ముళ్ళలో దూరి ప్రాణం దక్కించుకుంది గానీ, భయానికి తలమీది ఈకలు నిక్కబొడుచుకున్నాయి. ఎంత దువ్వినా ఆ జుట్టు మళ్ళీ అణగలేదు.

"అవ్వా, నీకూ నీ జాజుకూ ఓ దండం!"

ఐలవ్వ నాలుక కరుచుకుంది. గబగబా వీపు కడిగేసింది. "గొర్రె నా నడుం కాడుంటది, దాని వీపు కనవడ్తది. నువ్వేమో నెత్తి మీది కొమ్మకు కూసుంటవ్. తోక లేపు."

"తోక కిందనా? పిట్టలన్ని నవ్వుతయి!"

"నవ్వితే నవ్వనియ్యి. నీకు పిల్లలు దక్కాల్నా, పరువు దక్కాల్నా?"

పిగిలి సిగ్గుపడుతూనే తోక లేపింది.

మర్నాడే పాము మళ్ళీ వచ్చింది. పక్కపొదలో గోల, ఈ పొదలోనూ గోల. ఐలవ్వ తలెత్తి చూసింది. అన్ని పిట్టల్లో ఒక్కదాని తోక కిందే ఎరుపు ఉంది. ఆ పొద దగ్గరికే ఉరికి, గూటిదాకా పాకిన పామును కర్రతో ఎత్తి అవతల పారేసింది. గూట్లో పిల్లలు రెండూ నోళ్ళు తెరిచి, ఏమీ ఎరగనట్టు తిండికోసం అరుస్తున్నాయి.

రెక్కలొచ్చాక ఆ పిల్లలు కూడా ఐలవ్వ ముందుకొచ్చి తోకలెత్తి నిలబడ్డాయి. ఈసారి ఎవరూ సిగ్గుపడలేదు.

అప్పటినుంచే పిగిలిపిట్టకు తలమీద నిక్కిన జుట్టు, తోక కింద ఎర్రమచ్చ. పైన తిరిగే డేగకు ఆ మచ్చ కనిపించదు. కింద నిలబడి తలెత్తి చూసేవాళ్ళకు కనిపిస్తుంది.