రెండు మందుల కాగితం

"పడవ నడిపే మావా, ఏరు పొంగకముందే..."

ఆ తర్వాతి మాటేదో వకుళకు గుర్తు రావడం లేదు. చిన్నప్పుడు నాట్లలో విన్న పాట. గుండె దడదడలాడినప్పుడల్లా నోటికొస్తుంది, సగంలో ఆగిపోతుంది.

ఏటి ఒడ్డు ఊళ్ళో చిన్న ఆసుపత్రి అది. వకుళ కొత్త డాక్టరు. పెద్ద డాక్టరు జోసెఫ్ గారి దగ్గర పని నేర్చుకుంటోంది. ఆ మధ్యాహ్నం చేపలు పట్టే సింగన్నను నులకమంచం మీద మోసుకొచ్చారు. ఈసీజీ తీస్తే గుండెపోటని తేలింది. నాళంలో నెత్తురు గడ్డకట్టింది, కరిగించాలి.

కరిగించే మందులు రెండు. పాతది బీరువాలోనే ఉంది, గంటసేపు బొట్టుబొట్టుగా ఎక్కించాలి. కొత్తది ఒక్క సూదితో సరి. కానీ పట్నం నుంచి రావాలంటే రెండు గంటలు. వకుళ ఫోన్ చేసి కొత్తదే పంపమంది.

అయినా మనసు నిలవలేదు. కాగితం మీద నిలువు గీత గీసింది. ఏ మందుతో ఎందరు బతికారో, ఎందరికి మెదడులో రక్తం కారిందో అటూ ఇటూ రాసింది. కొట్టేసింది. మళ్ళీ రాసింది. లేచింది, కూర్చుంది.

"ఆ పరీక్షేదో తర్వాత రాసుకుందువుగానీ డాక్టరమ్మా, మా ఆయన చెమటలు చూడు తల్లీ!" అంది సింగన్న భార్య పోలమ్మ.

అప్పుడే జోసెఫ్ గారు వచ్చారు. వకుళ కాగితం చాపింది. "చూడండి సర్, కొత్తదే మేలు."

ఆయన చదవలేదు. "నొప్పి ఎప్పుడు మొదలైందమ్మా?" అని పోలమ్మను అడిగారు.

"పది గంటల బస్సు పోయినప్పుడు బాబూ."

ఆయన కాగితం తిరగేసి 'పది' అని రాశారు. గోడ గడియారం చూసి, కింద 'పన్నెండు' అని రాశారు. దాని కింద 'రెండు' అని రాసి, పెన్ను వకుళ చేతిలో పెట్టారు.

కొత్త మందు వచ్చేసరికి రెండవుతుంది; అందాకా ఆ గడ్డ అలాగే ఉంటుంది.

పెన్ను పడేసి సింగన్న దగ్గరికి పరుగెత్తింది. ఎప్పుడైనా పక్షవాతం వచ్చిందా, కడుపులో పుండుందా, ఈ మందు ఇదివరకు ఎక్కించారా అని గబగబా అడిగింది. ఏదీ లేదు. బీరువా తీసి, పాత మందు సీసాలోని పొడికి సూదిమందు నీళ్ళు కలిపి గలగలా ఊపబోయింది.

"ఊపకు, నురగొస్తుంది," అన్నారాయన. సీసా అందుకుని మెల్లగా అటూ ఇటూ వంచి, తిరిగి ఇచ్చారు.

మందు బొట్టుబొట్టుగా ఎక్కుతున్న గంటసేపూ వకుళ మంచం పక్కనుంచి కదల్లేదు. బీపీ చూసింది, కళ్ళు చూసింది, మళ్ళీ బీపీ చూసింది.

"గుండె మీంచి రాయి దించినట్టుందే," అన్నాడు సింగన్న. పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

జోసెఫ్ గారు వెళ్ళబోతుంటే వకుళ వెంట నడిచింది. "అయితే పాతదే మంచిదా సర్?"

"కొత్తదే మంచిదమ్మా. వచ్చాక జాగ్రత్తగా దాచు, రేపొచ్చేవాళ్ళకి."