పిండిమర అచ్చియ్యమ్మ, నూనె కారే బండి

ఇటు తిరిగి పడుకో, చిన్నా. ఈ కథ నాకు మొట్టమొదట చెప్పింది మా చిన్నమ్మ వరహాలమ్మ. ఆవిడ ఆ రోజు చోళ్ళ గంప, అదే రాగుల గంప, పట్టుకుని పిండిమర దగ్గర వరసలో నిలబడింది. జరిగిందంతా కళ్ళారా చూసింది. ఇంకెవరు ఇంకోలా చెప్పినా నమ్మకు.

అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో ఒక పిండిమర. ఆ మర తిప్పేది అచ్చియ్యమ్మ. మనిషి మహా నిక్కచ్చి. మర గది నేల మీద గింజ పడి ఉండకూడదు. గోడకి బూజు కనపడకూడదు. చెప్పులేసుకుని గడప దాటావో, నీ చోళ్ళు సాయంత్రం దాకా అలాగే ఉంటాయి.

ఆవిడకి ఒక పాత మోటారు సైకిలు ఉండేది. వాళ్ళ అయ్య ఇచ్చాడు. నల్లటి బండి, గేదంత బరువు. అచ్చియ్యమ్మ దాని మీద వారానికి మూడుసార్లు కొండెక్కేది. పైన మూడు గూడేలు. మూడింట్లోనూ మర లేదు. వాళ్ళ చోళ్ళ మూటలు బండి మీద దింపేది, పిండి పట్టేది, మళ్ళీ తీసుకెళ్ళి ఇచ్చేది. ఆ బండే లేకపోతే గూడేల ఆడవాళ్ళు నెత్తిన మూట పెట్టుకుని రాళ్ళ దారిలో దిగాలి, మళ్ళీ ఎక్కాలి.

అలాంటి బండికి నూనె కారడం పట్టుకుంది. మొదట చుక్క. ఆ తర్వాత చెంచాడు. ఆ తర్వాత నేల మీద మడుగే. ఒకరోజు సగం కొండ మీద ఇంజను కాలిపోయేంత వేడెక్కి ఆగిపోయింది. మొగుడు సింహాద్రి వెళ్ళి, ఇద్దరూ కలిసి తోసుకొచ్చారు.

"నా నడుం విరిగిపోయిందే, అచ్చీ. శుక్రవారం పాత ఇనుం వాడొస్తాడు. అప్పటికి కారడం ఆగిందా, సరే. ఆగలేదా, ఇది వాడి బండెక్కుతుంది."

"ఎక్కదు మావా," అంది అచ్చియ్యమ్మ.

సోమవారం నాడు మెకానిక్కు కామేసుని పిలిచింది. కామేసుకి మీసం పెద్దది, మాట ఇంకా పెద్దది. అచ్చియ్యమ్మని అక్క వరసలో అప్పా అనేవాడు. బండి కింద చూశాడు. "కింద బోల్టు వదులైందప్పా. నువ్వు పిండి సంగతి చూసుకో, ఇనుం సంగతి నాకొదిలెయ్," అన్నాడు. పానాకి గొట్టం తగిలించి మరీ బిగించాడు. తెల్లారి చూస్తే మడుగు.

అప్పుడు ట్రాక్టరు లచ్చుమునాయుడు వచ్చాడు. అతుకుల మీద ఏదో జిగురు పూశాడు. "ఎండిందంటే రాయే వదినా!" అన్నాడు. ఎండింది. రాయీ అయింది. రాయి పగిలి నూనె కారింది.

ఆ తర్వాత బుధవారం నాడు మళ్ళీ కామేసే వచ్చాడు. పైమూత విప్పి సందులో కొత్త ప్యాకింగు అట్ట వేశాడు. "ఇహ కారితే నా పేరు మార్చుకుంటానప్పా!" అన్నాడు. దీపాలు పెట్టేలోపే కారింది. పేరు మాత్రం మార్చుకోలేదు. చిన్నమ్మ ఈ మాట చెప్పినప్పుడల్లా ఒకసారి ఆగి, నా మొహంలోకి చూసేది.

గురువారం వచ్చింది. మిగిలింది ఒక్క రోజు. అచ్చియ్యమ్మ ఎవర్నీ పిలవలేదు. కొంగు బిగించింది. కిరసనాయిలుతో ఇంజనంతా కడిగింది. పొడిగుడ్డతో తుడిచింది. ఆ తర్వాత గుప్పెడు బియ్యప్పిండి పల్చటి గుడ్డలో పోసి, ఇంజను మీద మెల్లగా దులిపింది. నల్ల ఇంజను తెల్లగా అయిపోయింది.

వరసలో ఉన్న ఒక ముసలామె నవ్వింది. "ఏటే అచ్చీ, బండికి పౌడరేసి పెళ్ళిచూపులకి కూకోబెడతావేటి?"

"కాదత్తా. నొప్పెక్కడో అడుగుతున్నాను."

కిక్కు కొట్టింది. బండి గుడగుడమంది. అచ్చియ్యమ్మ గొంతుక్కూచుని రెప్ప వేయకుండా చూసింది. నూనె తగిలిన చోట పిండి నల్లబడుతుంది కదా. ముందు పైమూత దగ్గర నల్లబడింది. అప్పుడు పక్కమూత దగ్గర. ఆ తర్వాత కింద అతుకు దగ్గర.

ఒక చోట కారితే అక్కడేదో చెడిందనుకోవచ్చు. ఒకేసారి మూడు చోట్ల కారితే? అచ్చియ్యమ్మకి అంతు చిక్కలేదు.

"ముందు మా చోళ్ళు పట్టవే తల్లీ, పొద్దెక్కిపోయింది," అన్నారు వరసలో వాళ్ళు. సరేనని బండి ఆపి మర వేసింది. వేసీ వెయ్యగానే మూత సందులోంచి పిండి ఎగిరింది. తూము అతుకులోంచి ఎగిరింది. వెనక రేకు చీలికలోంచి ఎగిరింది. ఆడవాళ్ళందరికీ ఒకటే తుమ్ములు.

అచ్చియ్యమ్మ నాలిక కరుచుకుంది. బండి బెంగలో పడి నిన్న గుడ్డసంచి దులపలేదు. నువ్వు చూశావు కదా, మరకి పైన పొడుగ్గా ఒక గుడ్డసంచి వేలాడుతుంది? మర తిరిగితే లోపల గాలి పుడుతుంది. ఆ గాలి సంచిలోంచి బయటికి పోవాలి. సంచి పిండితో పూడుకుపోయిందంటే గాలి ఊరుకోదు, దొరికిన సందులోంచల్లా పిండిని తోసుకుంటూ వస్తుంది.

కర్ర తీసి సంచిని దబదబా బాదింది. పిండి ఎగరడం ఆగింది.

అప్పుడు ఆవిడ చెయ్యి కర్రతో సహా గాలిలోనే ఆగిపోయింది.

మర ఆపి బండి దగ్గరికి నడిచింది. ఇంజను వెనక వేలెడు రబ్బరు గొట్టం ఒకటి ఉంది. చిన్నప్పుడు వాళ్ళ అయ్య చెప్పాడు, అది బండి ముక్కు, ఇంజను లోపలి గాలి దాంట్లోంచే బయటికి పోవాలి అని. ఆ గొట్టం మూతి మీద పిండి చల్లింది చల్లినట్టే ఉంది. ఇంజను అంతసేపు తిరిగింది, ఒక్క రేణువు కదల్లేదు.

జడలోంచి పిన్ను తీసి గొట్టంలో పెట్టి లాగింది. నూనెలో నానిన గుడ్డముక్క వచ్చింది. నీలం గుడ్డ, పసుపు చుక్కలు. అచ్చియ్యమ్మ పాత చీర.

అప్పుడు గుర్తొచ్చింది. వానలు వెలిసిన కొత్తలో ఆ గొట్టం రోజుకో చుక్క కార్చేది, తను అద్దంలా తుడుచుకున్న నేల మీద. ఓర్చుకోలేకపోయింది. సీసాకి బిరడా పెట్టినట్టు చీరముక్క చుట్టి కూరేసింది. నేల శుభ్రమైందని మురిసిపోయి, ఆ సంగతే మరిచిపోయింది.

వరసలో పదహారు మంది ఆడవాళ్ళు. గుమ్మంలో సింహాద్రి. వాడి పక్కన, వింత చూద్దామని వచ్చిన కామేసు. ముక్క పిడికిట్లో దాచేస్తే ఎవరికీ తెలీదు. చిన్నమ్మ చూస్తూనే ఉంది. అచ్చియ్యమ్మ పిడికిలి ఒకసారి బిగిసింది. ఆ తర్వాత విచ్చుకుంది.

"ఇది నా చీరముక్క. దీని ముక్కు మూసింది నేనే," అంది, అందరికీ వినపడేలా.

"అయితే నా నడుం విరిచింది నువ్వన్నమాట!" అన్నాడు సింహాద్రి. గదంతా నవ్వులే. అచ్చియ్యమ్మ నవ్వలేదు. మళ్ళీ తుడిచింది, మళ్ళీ పిండి దులిపింది, మళ్ళీ కిక్కు కొట్టింది.

గొట్టం ఫుస్సుమంది! మూతి మీది పిండంతా ఎగిరి, వంగి చూస్తున్న కామేసు మీసం మీద పడింది. పైమూత దగ్గర పిండి తెల్లగానే ఉంది. పక్కమూత దగ్గరా తెల్లగానే ఉంది. కిందా తెల్లగానే ఉంది.

శుక్రవారం పొద్దున్నే మూడు మూటల పిండి కట్టుకుని కొండెక్కింది. మూడు గూడేలూ తిరిగింది. దిగి వచ్చేసరికి పాత ఇనుం వాడు తోపుడు బండితో వాకిట్లో కూచుని ఉన్నాడు. సింహాద్రి తన తెల్ల తువ్వాలు తెచ్చి ఇంజను కింద పరిచాడు. అందరూ చుట్టూ కూచున్నారు. పాత ఇనుం వాడు చుట్ట ముట్టించి, కాల్చి, ఆర్పేదాకా చూశారు. అతుకుల దగ్గర్నించి చుక్క పడలేదు. గొట్టం మూతి దగ్గర మాత్రం ఒక్క చుక్క నిలిచింది. అచ్చియ్యమ్మ దాని కింద ఖాళీ మందుసీసా వేలాడగట్టింది.

"దాని ఊపిరి దానిది, నా నేల నాది," అంది.

పాత ఇనుం వాడు ఒక చిల్లుబకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు.

కానీ చిన్నా, కామేసు ఏం చేశాడో తెలుసా? తన షాపు మీద బోర్డు రాయించాడు, పిండిమర బండి నూనె కారుడు ఆపిన కామేసు అని! నాకు చదువు అంతంత మాత్రం. అయినా కూడబలుక్కుని రెండుసార్లు చదివాను, అదే ఉంది. ఇప్పుడు వాడి కొడుకు ఆ బోర్డుకే కొత్త రంగు వేయించాడట. నీకు అక్షరాలొచ్చు కదా. ఆదివారం మీ నాన్న నిన్ను ఆ దారినే తీసుకెళ్తాడు. సుద్దముక్క పట్టుకెళ్ళు. ఆ పేరు కొట్టేసి, ఆపింది అచ్చియ్యమ్మ అని గుండ్రంగా రాయి.

కథ వెళ్ళె కంచికి,
బండి వెళ్ళె కొండకి,
పిండి చేరె ఇంటికి,
నిద్ర రావె కంటికి.

ఆగు, ఇంకొక్క మాట. ముక్కు మూసిందీ అచ్చియ్యమ్మేనని దాని కిందే రాయి. నీలం చీర, పసుపు చుక్కలు. అది వదిలేశావో, మనమూ కామేసులమే.