అచ్చియమ్మ చీపురు ముట్టని రెండేళ్ళు

దా, ఇలా దగ్గరికి జరుగు. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. మీ అమ్మ దేశం చూసొస్తానని పొద్దున ఒక్కత్తే రైలెక్కింది కదా, అప్పట్నుంచీ నేను ఇల్లు ఊడవలేదని నన్ను చూసి నవ్వావు. నవ్వు, నవ్వు. నాకంటే ముందు ఒకావిడ రెండేళ్ళు ఊడవలేదు. ఆవిడ కథ చెప్తాను, ఊఁ కొట్టు. ఊఁ కొట్టకపోతే కథ మధ్యలో కూలబడుతుంది, లేపడం నా వల్ల కాదు.

అనగనగా కాలవ ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో తూర్పు వాకిలి ఇల్లు ఒకటి. ఆ ఇంట్లో అచ్చియమ్మ అని ఒక అత్తగారు. ఆవిడకి శుభ్రం పిచ్చి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టకముందు ఒకసారి ఇల్లంతా ఊడ్చేది. ఆ వాకిట్లోకి రావాలంటే కోళ్ళు కూడా ఆలోచించుకునేవి. ఆవిడ చీపురు వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడేది. దాన్ని ఇంకొకళ్ళు ముట్టుకుంటే ఆ పూట ఆవిడ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేది కాదు.

ఆవిడ కొడుకు భద్రం. కాలవ మీద పడవ నడుపుతాడు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి, అతని ప్రయాణం అంతే. కోడలు తాయారు. బట్టలు కుడుతుంది. మనవరాలు వకుళ. నీ అంతే ఉంటుంది, నీలాగే అన్నం ముందు గంట కూర్చుంటుంది.

ఒకరోజు వకుళ బళ్ళోంచి వచ్చి, భూమి నిమ్మకాయలా గుండ్రంగా ఉందట అమ్మా అని చెప్పింది. తాయారు చేతిలో సూది ఆగిపోయింది. అయితే మన వీధి గుమ్మంలోంచి తూర్పుకి బయల్దేరి వెనక్కి తిరక్కుండా పోతూనే ఉంటే పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకి వస్తామా అని అడిగింది. వస్తామని మా మేష్టారు చెప్పారంది వకుళ.

ఆ రోజు నుంచి తాయారు మనసు మనసులో లేదు. చొక్కాకి చేతులు కుడుతూ పెరటి గుమ్మం కేసి చూసేది. కూరలో ఉప్పు వేస్తూ పెరటి గుమ్మం కేసి చూసేది. చివరికి ఒకరోజు, ఇలా వెళ్ళి పెరటి గుమ్మంలోంచి వస్తానని మొగుణ్ణి అడిగేసింది. భద్రం మూడుసార్లు పడవ అటూ ఇటూ నడిపి, ఆలోచించి, వెళ్ళిరా అన్నాడు. వకుళకి బడి ఉంది, నాకు పడవ ఉంది, మేం ఇంట్లో ఉంటాం, నువ్వొచ్చి తలుపు కొడితే తియ్యడానికి ఒకళ్ళుండాలి కదా అన్నాడు. ఎంత మంచివాడో చూడు.

అప్పుడు అత్తగారినీ అడిగింది. అచ్చియమ్మ చీపురు తీసుకుని ఊడ్చిన అరుగే మళ్ళీ ఊడ్చింది.

ఆ తర్వాత తాయారు మంచిరోజు చూసుకుంది. తలంటి పోసుకుని, కాళ్ళకి పసుపు రాసుకుని, సంచిలో సూదీ దారం కత్తెరా పెట్టుకుంది. ఏ దేశంలోనైనా చిరిగిన బట్టలుంటాయి, నా అన్నం నేను కుట్టుకుంటానంది. వకుళని ముద్దు పెట్టుకుంది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి ఇంటిని చూసుకుంది. ఆగింది కదా, ఆ గచ్చు మీద రెండు పసుపు పాదాలు పడ్డాయి, కుడిదొకటి, ఎడమదొకటి. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. సాగనంపడానికి భద్రమూ వకుళా రేవు దాకా వెళ్ళారు.

ఊరెళ్ళిన మనిషి క్షేమంగా చేరేదాకా ఇల్లు ఊడవకూడదు, తడిగుడ్డ పెట్టకూడదు. ఇది నీకూ తెలుసు, నాకూ తెలుసు, అచ్చియమ్మకి మనకంటే బాగా తెలుసు. కానీ ఆవిడకి లోపల ఏదో మండింది. కోపమా అంటే కోపం కాదు, ఏడుపా అంటే ఏడుపూ కాదు. ఏంటో ఆవిడకే తెలీలేదు. మండగానే చెయ్యి చీపురు మీదికి పోయింది. ఊడ్చింది. తడిగుడ్డ కూడా పెట్టింది. ఎడమ పాదం చెరిగిపోయాక కుడి పాదం దగ్గర చెయ్యి ఆగింది.

అయ్యో, ఏంపని చేశాను అనుకుంది. వీధిలోకి పరిగెత్తింది. తాయారెక్కిన సరుకు పడవ అప్పటికే కాలవ మలుపు తిరిగిపోయింది.

తను చేసింది ఎవరితోనూ చెప్పలేదు. మిగిలిన పాదం మీద వెదురు బుట్ట బోర్లించింది. చీపురు మేకుకి తగిలించింది. కోడలు చేరానని ఉత్తరం రాసేదాకా ఈ ఇంట్లో చీపురు కదలదని కొడుకుతో చెప్పేసింది.

మరి భూమి చుట్టూ తిరిగే మనిషి ఎక్కడికి చేరుతుంది? ఏ ఊరికి పోయినా మర్నాడు మళ్ళీ బయల్దేరేదే కదా. ఇంటికొస్తేనే చేరినట్టు. నీకు ఇప్పుడే అర్థమైపోయింది, నవ్వుతున్నావు. పాపం అచ్చియమ్మకి తట్టలేదు.

మొదటి ఉత్తరం మూడు నెలలకి వచ్చింది. వకుళ చదివి వినిపించింది. ఓడ మీద నుంచి రాస్తున్నాను, చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ లేవు. పొద్దున్నే నలుగురు మగవాళ్ళు పొడుగాటి చీపుళ్ళతో సముద్రం నీళ్ళు పోసి ఓడని కడుగుతారు, అత్తయ్య చూస్తే మూలలు వదిలేశారని తిడతారు, రేపు ఇంకో ఓడ ఎక్కుతున్నాను అని రాసింది తాయారు.

చేరానని రాసిందా అని అడిగింది అచ్చియమ్మ. రాయలేదు నాయనమ్మా అంది వకుళ. సరే అయితే, ఊడవకండి అంది.

ఇంట్లో దుమ్ము పట్టింది. మంచాల కింద చేరింది, గూట్లో దేవుడి పటాల మీద చేరింది. అచ్చియమ్మకి అరచేతులు దురద పెట్టేవి. రోజుకి మూడుసార్లు మేకు దాకా వెళ్ళి, చీపుర్ని చూసి, వచ్చి కూర్చునేది. భద్రం అన్నం మాడ్చేవాడు, వకుళ జడ వంకరగా వేసేవాడు. ఎలాగో నడిచింది.

రెండో ఉత్తరం ఉగాది ముందు వచ్చింది. ఇక్కడ ఆకాశంలోంచి తెల్లగా మంచు రాలుతుంది, తెల్లారేసరికి గుమ్మాలు మూసుకుపోతాయి. అత్తలూ కోడళ్ళూ లేచి ముందు వాకిట్లో మంచు ఊడుస్తారు. అది దుమ్ములా లేవదు అత్తయ్యా, దూదిలా పక్కకి ఒరుగుతుంది, ఎల్లుండి ఇక్కణ్ణుంచి బయల్దేరతాను అని ఉంది.

అచ్చియమ్మ అది మూడుసార్లు చదివించుకుంది. దూదిలానా అని అడిగింది. దూదిలానే నాయనమ్మా అంది వకుళ. ఆ సాయంత్రం ఆవిడ ఏ పనీ చెయ్యకుండా చాలాసేపు అరుగు మీద కూర్చుంది.

ఉగాదికి ఊరంతా వెల్లలు వేసుకుని, కడుక్కుని, మామిడాకులు కట్టుకున్నారు. ఈ ఇల్లు మాత్రం బూజు పట్టిన పచ్చడి జాడీలా ఉంది. పక్కింటి వరహాలమ్మ వచ్చి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఇంక ఆ పిల్ల రాదులే వదినా, పండగ పూట కడిగేసుకో అంది. అచ్చియమ్మ ఆవిడకి ఉగాది పచ్చడి పెట్టి పంపింది. వేప్పువ్వు కాస్త ఎక్కువే వేసి పెట్టిందిలే.

మూడో ఉత్తరం మళ్ళీ ఏడాదికి గానీ రాలేదు. ఇక్కడ చెట్ల ఆకులన్నీ ఒక్కసారే ఎర్రబడి రాలతాయి. ఒక ముసలావిడ ఊడుస్తుంటే వెనకే మళ్ళీ రాలాయి. కోప్పడుతుందనుకున్నాను. చీపురు మీద గడ్డం ఆనించుకుని నిలబడి చూసింది. మీరు గుర్తొచ్చారు అత్తయ్యా అని ఉంది. చేరానని మాత్రం లేదు. ఆ తర్వాత ఉత్తరాలే లేవు.

అప్పుడు గాలివాన వచ్చింది. రెండు రోజులు కురిసింది. ఇంటి పెంకులు లేచిపోయి సరిగ్గా గడప దగ్గరే నీళ్ళు కారడం మొదలైంది. బుట్ట మీద పడ్డాయి, బుట్ట సందుల్లోంచి లోపలికి పోయాయి. అచ్చియమ్మ బుట్ట తీసేసి, అక్కడే పీట వేసుకుని, పసుపు పాదానికి గొడుగు పట్టుకుని కూర్చుంది. ఆవిడ మాత్రం తడిసి ముద్దయింది. భద్రం ఎంత బతిమాలినా లేవలేదు. చెయ్యి నొప్పెడితే ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. సముద్రం మీద కూడా ఇలాగే కురుస్తోందేమో అని మటుకు ఒకసారి అంది. కుడి పాదం నిలిచింది.

వాన వెలిసిన నాలుగో రోజు మధ్యాహ్నం. భద్రం పడవ దగ్గరున్నాడు, వకుళ బళ్ళో ఉంది. అచ్చియమ్మ వంటింట్లో బియ్యం ఏరుతోంది. పెరటి తలుపు ఎవరో కొట్టారు. ఎవరది, వీధి వైపు రండి, ఇటు గడియ వేసుంది అంది అచ్చియమ్మ. మళ్ళీ కొట్టారు. అప్పుడు ఆవిడ చేతిలో చేట జారిపోయింది. ఆ గుమ్మంలోంచి వస్తానని చెప్పి వెళ్ళిన మనిషి ఈ భూమ్మీద ఒక్కత్తే ఉంది.

గడియ తీసేసరికి బీర పాదు పక్కన తాయారు నిలబడి ఉంది. నల్లబడింది, చిక్కింది. జుట్టు అట్టలు కట్టింది. కుడి కాలికి చెప్పుంది, ఎడమ కాలికి లేదు.

అచ్చియమ్మ ముందు మొహం చూడలేదు, ఆ ఎడమ కాలు చూసింది. అక్కడే గుమ్మంలో కూలబడి, కోడలి ఎడమ పాదం రెండు చేతులతో పట్టుకుంది.

"దీన్ని నేనే చెరిపేశానే అమ్మాయ్. నువ్వటు వెళ్ళావో లేదో, ఊడ్చి తడిగుడ్డ పెట్టాను. ఈ రెండేళ్ళూ నాకు అన్నం సయించలేదు" అంది.

తాయారుకి ఒక్క క్షణం అర్థం కాలేదు. వీధి గుమ్మం దాకా వెళ్ళి చూసింది. ఇంటినిండా దుమ్ము, గడప దగ్గర పీట, పీట పక్కన గొడుగు, తన కుడి పాదం. అప్పుడు అర్థమై, వచ్చి అత్తగారి పక్కన కింద కూర్చుంది.

"చెప్పు ఏట్లో పోయింది అత్తయ్యా, కాలు ఉందిగా" అంది. ఆ తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని, "చేరాను" అంది.

ఆ మాట కోసం రెండేళ్ళు కూర్చుంది కదా, అచ్చియమ్మ ఇంక ఆగలేదు. కళ్ళు తుడుచుకుని చీపురు అందుకుంది. వకుళ పరిగెత్తుకుంటూ వచ్చి వాళ్ళమ్మని చుట్టుకునేలోపు మూడు చేటల దుమ్ము ఎత్తిపోసింది. మూడుసార్లు కడిగింది. కుడి పాదాన్ని కూడా తనే తడిగుడ్డతో తుడిచింది. సాయంత్రానికి గచ్చులో మొహం చూసుకోవచ్చు. ఆ రాత్రి అందరూ కలిసి కూర్చుని, మాడని అన్నం తిన్నారు. తాయారు మంచు గురించి చెప్తుంటే అచ్చియమ్మ పెరుగు వడ్డించడం మర్చిపోయింది.

మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు తాయారు లేచేసరికి ఎండెక్కింది, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. గడప దగ్గర అద్దంలాంటి గచ్చు మీద రెండు పసుపు పాదాలున్నాయి. చిన్నవి, ముసలివి, వేళ్ళు వీధి వైపు తిరిగి ఉన్నాయి.

అప్పుడే భద్రం రేవు నుంచి వచ్చాడు. ఆశ్చర్యమూ నవ్వూ ఆపుకోలేకపోతున్నాడు.

"అమ్మని ఆ ఒడ్డున దింపాను. ఎక్కడికమ్మా అంటే, మంచు ఊడవడానికిరా అబ్బాయ్ అంది" అన్నాడు.

అదన్నమాట, ఆ రోజు ఆవిడ లోపల మండింది. సంత దాటి ఎరగని మనిషి. తనకీ వెళ్ళాలని ఉందని ఆవిడకే తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

వకుళ గచ్చుకి పసుపు అంటిందని తుడవడానికి తడిగుడ్డ తెచ్చింది. తాయారు గబుక్కున దాని చెయ్యి పట్టుకుంది. వెదురు బుట్ట తెచ్చి, కుడి పాదమూ ఎడమ పాదమూ రెండూ పట్టేలా బోర్లించింది. ఊడుద్దామన్నా మేకుకి చీపురు లేదు, దాన్ని ఆవిడ చంకలో పెట్టుకుని పట్టుకుపోయింది. ఆ తర్వాత తాయారు వెనక్కి వెళ్ళి, పెరటి తలుపు గడియ తీసి ఉంచింది.

ఊఁ అనడం మానేశావే, నిద్రొచ్చిందా? రేపు మీ అమ్మ ఫోను చేసి చేరానంటుంది, అప్పుడు నువ్వే చీపురు తెచ్చివ్వు నాకు.

అత్తగారు ఓడకి,
కోడలేమో వాకిటికి,
కథ నడిచె కంచికి,
మనం మటుకు ఇంటికి.