పుట్టింటి పుస్తె, తండ్రి ఊపిరి

అనగనగా ఒక ఊళ్ళో సోమలింగాచారి అని ఒక కంసాలి ఉండేవాడు. ఊరి పేరు అడక్కు బుజ్జీ, నాకు ఈ కథ చెప్పిన మా నాయనమ్మే మర్చిపోయింది.

కంసాలి పని నువ్వెక్కడ చూశావు, ఇప్పుడన్నీ అద్దాల కొట్లే. అప్పట్లో కుంపట్లో బొగ్గులు పోసి, ఇత్తడి ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని ఊదేవాళ్ళు. ఆ గాలికి నిప్పు రాజుకుంటే టంకం కరిగి, రెండు బంగారు ముక్కలు అతుక్కునేవి. కమ్మరిది భుజం పనైతే కంసాలిది ఊపిరి పని. కమ్మరి అంటే గుర్తొచ్చింది, మా ఊరి కమ్మరికి ఒక మేక ఉండేది, దానికి బొగ్గులు తినే జబ్బు. సర్లే, మేకతో మనకేం పని.

సోమలింగానికి పని నేర్పింది వాళ్ళ నాన్న కాళహస్తాచారి. ఆయన ఊదితే నిప్పు వెలిగేది, బూడిద మాత్రం కదిలేది కాదు. "ముక్కు తెచ్చేది, నోరు పంపేది. దీని పని దానికి అప్పజెప్పకు" అనేవాడు. ముక్కుతో తీసుకున్న గాలి పొట్టదాకా దిగాలి, అక్కణ్ణుంచి బుగ్గల్లోకి రావాలి, బుగ్గల్లోంచి గొట్టంలోకి పోవాలి. నిదానంగా.

సోమలింగానికి ఆ నిదానమే పడలేదు. గొట్టం పెదాల మధ్య ఉండగానే నోటితో గబుక్కున గాలి పీల్చేవాడు. దాంతో కుంపటి పొగంతా ఎదురొచ్చి గుండెల్లోకి వెళ్ళేది. పని మాత్రం తొందరగా అయ్యేది. "సోమలింగం దగ్గర పొద్దున ఇస్తే సాయంత్రానికి పెట్టుకోవచ్చు" అని ఊరంతా మెచ్చుకుంది.

తండ్రి ఒకసారి మందలించాడు. రెండోసారి గొట్టం లాక్కున్నాడు. మూడోసారి అరుగు మీదకెళ్ళి పడుకున్నాడు. అప్పుడు సోమలింగం కూతురు, చిన్నపిల్ల కామాక్షి వెళ్ళి తాత పొట్ట మీద వాలింది. తాత పొట్ట లేస్తే తనూ గాలి తీసుకునేది, దిగితే వదిలేది. రోజూ అదే ఆట. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆయన పోయాడు.

ఆ తర్వాత సోమలింగానికి దగ్గు పట్టుకుంది.

"ఏమిటండీ ఆ దగ్గు?" అంది పెళ్ళాం భ్రమరాంబ.

"పొగ. కంసాలికి పొగ తగలదా?"

"వంటింట్లో నాకూ తగులుతోంది. నేను దగ్గుతున్నానా?"

"నీకు మాటల మధ్య దగ్గడానికి సందెక్కడిది" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు కూడా దగ్గులోకే దిగింది.

చివరికి ఊరి వైద్యుడు వచ్చి చూసి, "ఊపిరి పైపైనే తీస్తున్నావు నాయనా. బిందె నింపకుండా మూతి తడిపి తెచ్చుకుంటున్నట్టుంది. కుంపటి కొన్నాళ్ళు ఆపు, రోజూ పొద్దున్నే కూర్చుని నిదానంగా ఊపిరి తీసుకో" అన్నాడు. పెళ్ళిళ్ళ రోజులు దాటనివ్వండి అన్నాడు సోమలింగం. పెళ్ళిళ్ళ రోజులు దాటాయి, పండగలొచ్చాయి. పండగలు దాటాయి, మళ్ళీ పెళ్ళిళ్ళొచ్చాయి.

ఇంతలో కామాక్షికే పెళ్ళి కుదిరింది.

మంగళసూత్రానికి రెండు పుస్తెలుంటాయి కదా, ఒకటి అత్తింటిది, ఒకటి పుట్టింటిది. పుట్టింటి పుస్తెను తండ్రే తన ఊపిరితో అతకాలని వాళ్ళింటి ఆచారం. పరాయి ఊపిరి తగలకూడదు. ఊళ్ళో ఎందరి పుస్తెలో అతికిన సోమలింగం ఆ రోజు కోసమే ఎదురు చూశాడు. మంచి ఘడియ చూసుకుని కుంపటి ముందు కూర్చున్నాడు.

మొదటిసారి ఊదితే నిప్పు లేచి, అంతలోనే పడిపోయింది. రెండోసారి దగ్గొచ్చి బూడిదంతా పుస్తె మీద పడింది. మూడోసారి మధ్యలో ఊపిరి అందక, ఎగశ్వాసతో ఒక్కసారిగా వదిలేశాడు. మంట ఎగిసి పుస్తె అంచు కరిగి వంగింది. అప్పుడు గొట్టం కింద పెట్టేశాడు.

"పక్కూరి నుంచి మీ పెదనాన్న కొడుకుని పిలిపిద్దామా?" అంది భ్రమరాంబ మెల్లగా.

అప్పుడు కామాక్షి వచ్చి పక్కన కూర్చుంది. "నేను ఊదుతాను నాన్నా."

"పెళ్ళికూతురే తన పుస్తెకు ఊదడం ఎక్కడైనా ఉందటే?" అంది తల్లి.

"పరాయి ఊపిరే కదమ్మా తగలకూడదు. తాళి కట్టేదాకా నేను ఈ ఇంటిదాన్నేగా."

సోమలింగం పుస్తె అంచు సరిచేసి, పట్టకారుతో పట్టుకున్నాడు. కామాక్షి ఊదింది. నిప్పు ఎర్రబడి, పసుపుపచ్చగా మారింది. బూడిద కదల్లేదు. టంకం నీళ్ళలా పాకి అతుక్కుంది. కూతురి భుజాలు కదలకుండా పొట్ట మాత్రం లేచి దిగుతుంటే ఆయన చూస్తూ ఉండిపోయాడు. తనకు నాన్న చేయి పట్టి నేర్పినా రానిది, పిల్లకు తాత పొట్ట మీద ఆటలో వచ్చేసింది.

పెళ్ళి బాగా జరిగింది. ఆ తర్వాత అప్పగింతలు. కూతురి చేతులు పాలల్లో ముంచి, వియ్యంకుడి చేతుల్లో పెట్టి, తండ్రి ఒక మాట చెప్పాలి. సోమలింగం మొదలుపెట్టాడు. "మా పిల్ల తెలిసో తెలియకో ఏదైనా తప్పు చేస్తే, మీ బిడ్డే అనుకుని..." అక్కడికి ఊపిరి అయిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగింది. పాపం, దుఃఖంతో మాట రావడం లేదనుకున్నారు అందరూ. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. అది దుఃఖం కాదని ఆయనకొక్కడికే తెలుసు.

ఆ తర్వాత రోజూ తెల్లవారగానే అరుగు మీద కూర్చుని ముక్కుతో నిదానంగా గాలి తీసుకోవడం మొదలుపెట్టాడు. పోయిన ఊపిరి అంతా రాలేదు గానీ, కొంచెం కొంచెంగా వచ్చింది. ఒకరోజు ఎవరూ లేనప్పుడు ఆ అప్పగింతల మాట మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా అన్నాడు. వినాల్సినవాళ్ళు ఎప్పుడో బండెక్కి వెళ్ళిపోయారు.

కథేమో కంచి బాట పట్టింది,
కునుకేమో నీ కంటి గడప తొక్కింది.