గద్దలూ ఏట్రింతలూ కాసిన వెదురు అడవి

అనగనగా చైనా దేశంలో, మంచు కొండల కింద, ఒక వెదురు అడవి. ఆ అడవికి సొంత వాయుసేన ఉండేది. నవ్వకండి పిల్లలూ, వినండి. అక్కడి మనుషుల వాయుసేనలో రెండు ఇంజన్ల బరువైన యుద్ధవిమానాలూ, ఒకే ఇంజన్ ఉన్న తేలిక విమానాలూ ఉన్నట్టే, ఈ సేనలోనూ రెండు దళాలు ఉండేవి. బరువు దళంలో గద్దలు. తేలిక దళంలో ఏట్రింతలు. ఏట్రింత అంటే తోక చీలిన చిన్న నల్లపిట్ట. కాకి కనబడితే చాలు, వెంటపడి పొడుస్తుంది.

సేనాని హువా అనే ముసలి కొంగ. నీటికుక్కలు ఏటిలో పట్టిన చేపలనే సేన అంతటికీ పంచాలి. ఒక గద్ద తినే చేపతో ఏట్రింతల గుంపు మొత్తం కడుపు నింపుకోవచ్చు. అందుకే ఎవరిని ఎంతమందిని ఉంచుకోవాలన్నది హువాకు ఎప్పుడూ తలనొప్పే.

లోయ అవతల కాకుల దండు ఉండేది. వాటి కన్నంతా అడవిలోని గుడ్ల మీదే.

ఒకసారి ఆ కాకులు అవతలి గట్టు మీద గుమిగూడాయి. తరమడానికి ఏట్రింతలు వెళ్ళాయి. సగం లోయ దాటేసరికి రెక్కలు లాగేసి వెనక్కి వచ్చేశాయి. అప్పుడు గద్దల నాయకుడు షాన్ తన దళంతో లేచాడు. కొండ గాలి మీద తేలుతూ వెళ్ళి, కాకులను చెదరగొట్టి వచ్చాడు.

ఆ సాయంత్రం కవాతు జరిగింది. గద్దలు రెక్కలు చాచి ఠీవిగా వెళ్తుంటే కోతులు కొమ్మలెక్కి చప్పట్లు కొట్టాయి. ఏట్రింతలు సర్రున దూసుకుపోయాయి. వాటిని చూసినవాళ్ళే లేరు.

ఆ చప్పట్లు హువా తలకెక్కాయి. ఏట్రింతల నాయకురాలు మింగ్‌ను పిలిచింది.

"మింగ్, ఏమీ అనుకోకు. మీకు పెట్టే చేపలతో ఇంకొన్ని గద్దలను పోషించుకుంటాను. మీరు ఎక్కడైనా బతికేయగలరు" అంది.

మింగ్‌కు ఏడుపొచ్చింది. అయినా దిగమింగుకుని చెప్పింది. "వెళ్తామమ్మా. కానీ మంచు పట్టిన పొద్దున గద్దలు లేవలేవు. ఎండ వచ్చి కొండ గాలి వేడెక్కాలి వాటికి. అది మరిచిపోకండి."

"ఆ సంగతి నేను చూసుకుంటాలే" అంది హువా. ఎలా చూసుకుందో వినండి.

కొన్నాళ్ళకే పొగమంచులో కాకులు వచ్చి పడ్డాయి. లాన్ అనే బాతమ్మ చెట్టు తొర్రలో గుడ్లు పొదుగుతోంది. కాకులు నేరుగా ఆ తొర్ర మీదికే వెళ్ళాయి. షాన్ తడిసిన రెక్కలు టపటపా కొట్టాడు. లేచాడు, పడ్డాడు, మళ్ళీ లేచాడు, మళ్ళీ పడ్డాడు. మంచు విడిచేసరికి తొర్రలో ఒకే ఒక గుడ్డు మిగిలింది. లాన్ దాన్ని కడుపు కింద పెట్టుకుని కూర్చుంది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండును అనిపించింది హువాకు.

చప్పట్లు కొట్టిన కోతులే ఇప్పుడు, "గద్దలను తరిమేయండి, ఏట్రింతలే చాలు" అని గోల మొదలుపెట్టాయి. కోతులకేం, ఏ కొమ్మ మీదికైనా దూకుతాయి.

హువా ముళ్ళపొదల్లో తలదాచుకున్న మింగ్ దగ్గరికి వెళ్ళింది. "తప్పు నాది. నువ్వు చెప్పినా వినలేదు. గద్దలను పంపేస్తాను, మీరు వచ్చేయండి" అంది.

"గద్దలను పంపితే మేం రాం" అంది మింగ్. "గుడ్ల దగ్గర కాకిని మేం ఆపగలం. కానీ ఆపిన కాకి రేపు మళ్ళీ వస్తుంది. లోయ దాటి దాని గూటిదాకా తరమాలంటే షాన్ ఉండాలి."

"ఇద్దరికీ చేపలు చాలవే" అంది హువా.

హువా వెనకే వచ్చిన షాన్ ఇదంతా విన్నాడు. "నా దళంలో కొంతమంది కొండ మీదికి పోయి సొంతంగా వేటాడుకుంటారు హువమ్మా. ఆ చేపలు వీళ్ళకివ్వండి. ఆ గుడ్లు పోతుంటే నేల మీద పడి చూస్తూ ఉండిపోయాను. ఇంకోసారి అలా చూడటం నా వల్ల కాదు" అన్నాడు.

హువా అప్పటికప్పుడే చేపలు మళ్ళీ పంచింది. కోతులు ఎంత గోల చేసినా వెనక్కి తగ్గలేదు.

కాకులు మళ్ళీ మంచులోనే వచ్చాయి. ఈసారి తొర్ర ముందు మింగ్ ఉంది. ఒక కాకి దాని తోక ఈక పీకేసింది. మింగ్ కదల్లేదు. ఏట్రింతలు ఒకటి తర్వాత ఒకటి దూసుకొచ్చి పొడుస్తూనే ఉన్నాయి. ఎండ పొడ వచ్చింది, గాలి లేచింది, షాన్ లేచాడు. పారిపోతున్న కాకులను గద్దలు లోయ దాటించి, గూళ్ళు విడిచిపెట్టి పోయేదాకా తరిమాయి. ఆ కాకులు మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళకు లాన్ గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చింది. బాతుపిల్ల తొర్రలోంచి ధైర్యంగా కిందికి దూకింది. ఆ పక్కనే షాన్, మింగ్ ఒకే చేపను పంచుకు తింటున్నారు. పిల్ల అడ్డొస్తే ఇద్దరూ కొంచెం జరిగి దారిచ్చారు.

నీతి: దూరం తరమడానికి ఒక బలం, దగ్గర కాయడానికి ఒక బలం కావాలి. చప్పట్లు విని ఒకదాన్ని వదులుకుంటే ఇల్లు కాపాడుకోలేం.