నాలుగు నిమ్మకాయలు

నాంచారయ్య ముందు బళ్లు రెండున్నాయి. ఏది కొనాలో గురువుగారు చెప్పాలి. అదీ చిక్కు. నిజానికి చిక్కేమీ లేదు, మనసు అప్పుడే తెల్లబండెక్కి కాలు మీద కాలేసుకుని కూర్చుంది. గురువుగారు ఒక్కసారి తలూపితే చాలు, కొనేసి, పూలదండ వేసి, తీసుకెళ్లి ఇంటి ముందు నిలబెట్టేవాడే.

ఇరవై తొమ్మిదేళ్లు లారీ తోలాడు నాంచారయ్య. నూజివీడు మామిడికాయలతో ఢిల్లీ వెళ్లాడు, ఆక్వా చెరువుల చేపలతో గౌహతి వెళ్లాడు. దేశంలో ఆయన టీ తాగని రోడ్డు లేదు. భార్య మాణిక్యం మాత్రం పటమటలో రెండు గదుల ఇంట్లో ఉండి, ఆయన ఫోన్లో చెప్పే కబుర్లతోనే దేశం చూసింది. ఒకసారి "మంచు ఎలా ఉంటుందండీ?" అని అడిగింది. "చల్లగా ఉంటుంది" అని ఫోన్ పెట్టేశాడు మహానుభావుడు.

ఇప్పుడు లారీ అమ్మేశాడు. వంటిల్లూ మంచమూ ఉన్న డీజిల్ బండి ఒకటి కొని, కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా నాలుగు నెలలు తిప్పుతానని ఆమెకి మాటిచ్చాడు. ఎగిరి గంతేస్తుందనుకున్నాడు. "చూద్దాంలెండి" అంది. ఆ మాట ఆయనకి బాగా గుచ్చుకుంది. ఈ ఒక్క మాటైనా నిలబెట్టుకోకపోతే ఇంకేం మొగుడిననిపించింది.

ఆ రోజు నుంచీ మనిషి నేల మీద లేడు. కేలెండరు వెనకవైపు దేశపటం గీశాడు. మడత కుర్చీలు రెండు కొన్నాడు. ఎండలు మండిపోతుంటే కొట్టుకెళ్లి ఆడవాళ్ల స్వెట్టర్ అడిగి, కొట్టువాడు ఎగాదిగా చూస్తున్నా సరే కొనుక్కొచ్చి, బీరువా మీద దాచాడు. పెద్ద బస్సైతే ఘాట్ రోడ్డు మలుపుల్లో తిరగదు, చిన్న వ్యానైతే నిలబడి చొక్కా తొడుక్కోలేం, అందుకని మధ్యరకం కావాలని తేల్చాడు. కొత్తది మన వల్ల కాదు, వాడిందే చూడాలని అదీ తేల్చాడు. రెండు నెలలు వెతికితే ఆటోనగర్‌లో బ్రోకర్ చలపతి దగ్గర ఈ రెండూ దొరికాయి. మధ్యాహ్నం లోపు ఏదో ఒకటి చెప్పకపోతే తెల్లదానికి గుంటూరు నుంచి వేరే పార్టీ వస్తోందన్నాడు చలపతి. బ్రోకర్లందరూ అలాగే అంటారని తెలిసినా నాంచారయ్యకి కాళ్లు నిలవలేదు.

అందుకే పొద్దున్నే స్కూటరేసుకుని గురువుగారి దగ్గరికి పరిగెత్తాడు.

గురువుగారంటే ఖాసిం సైదా. నాంచారయ్యకి స్టీరింగ్ చేతిలో పెట్టిన మనిషి. డెబ్బై నాలుగేళ్లు. డ్రైవరుగా రిటైరయ్యాక ఆటోనగర్‌లోనే కమాన్ కట్టల షాపు పెట్టుకున్నాడు. ఎంత పాత లారీ అయినా కింద కమాన్లు, అంటే చక్రాల మీది ఇనప పట్టీలు, మార్చి, కట్టి, కుదుపు తగ్గించి పంపిస్తాడు. మాట్లాడేది తక్కువ. చాలామంది కొత్త డ్రైవర్లకి ఆయన మూగవాడేమోనని అనుమానం.

"మీరొచ్చి ఒక్కసారి చూడాలి గురువుగారూ."

"నువ్వు చూశావుగా."

"నేను చూసేశాను. మీరు ఊ అంటే అయిపోతుంది."

సైదా గారు చేతులు తుడుచుకుని స్కూటరెక్కారు. దారిలో నాంచారయ్య సోడా బండి దగ్గర ఆగి నాలుగు నిమ్మకాయలు కొన్నాడు. బండి బయటికి తీసేటప్పుడు చక్రాల కింద పెట్టి తొక్కించడానికి. ఆయన తొందర అట్లా ఉంది.

తెల్లబండి చూసి ఎవరికైనా మతిపోతుంది. అది సినిమావాళ్ల కారవాన్. లోపల ఏసీ, టీవీ, మెత్తటి సోఫా, చుట్టూ బల్బులున్న నిలువుటద్దం. వెనక గది మొత్తం మంచమే. తిరిగింది ముప్పై ఒక్కవేల కిలోమీటర్లే.

"హీరోయిన్లు పడుకున్న మంచం అన్నా ఇది" అన్నాడు చలపతి.

"ఇకనుంచి మా మాణిక్యం పడుకుంటుంది" అన్నాడు నాంచారయ్య.

నీలంబండి సంగతి వేరు. ఎవరో రిటైరైన వ్యవసాయాధికారి, ఆయన భార్య, ఎనిమిదేళ్లు అందులో తిరిగారట. రంగు వెలిసింది. లోపల టేకు చెక్క అలమర, రెండు పొయ్యిల గట్టు, కిటికీ పక్కన బల్ల మంచం. అద్దం కూడా అరచేతంతే.

ఇక నాంచారయ్య తన విద్య చూపించాడు. ముందు తెల్లబండి ఇంజను మీద చెయ్యి వేసి చూశాడు. చల్లగా ఉంది. అంటే తను వచ్చేలోపు వేడి చేసి మోసం చెయ్యలేదన్నమాట. తాళం తిప్పగానే అందుకుంది. ఆయిల్ పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టాడు, గాలి తన్నలేదు, లోపల అరుగుదల లేదు. పొగ చూశాడు, లేదు. కళ్లు మూసుకుని చెవి ఒగ్గి రెండు నిమిషాలు నిలబడ్డాడు.

"విన్నారా గురువుగారూ? కొత్త ఇంజను. ఈ చెవికి అబద్ధం చెప్పే ఇంజను ఇంకా తయారవలేదు."

తర్వాత నీలంబండి తాళం తిప్పాడు. గరగరమంది, ఆగింది. మళ్లీ తిప్పాడు. మూడోసారికి తెల్లటి పొగ గుప్పున వదిలి అప్పుడు అందుకుంది.

"చూశారా? ఇదీ దీని వాలకం. లడఖ్ చలిలో ఇది లేస్తుందా?" అన్నాడు నాంచారయ్య, ఆ బండి వైపు చెయ్యి విదిలించి. "చెప్పండి గురువుగారూ, ఏది కొనమంటారు?"

సైదా గారు రెండు బళ్ల చుట్టూ ఒక్కో చుట్టు తిరిగారు. ఇంజను వైపు చూడనే లేదు. తెల్లబండి వెనక చక్రం దగ్గర మాత్రం కాసేపు నిలబడ్డారు.

"మాణిక్యానికి చూపించావా?"

నాంచారయ్య నవ్వాడు. "ఆవిడకి చెప్పలేదండీ. తీసుకెళ్లి గుమ్మంలో పెట్టి ఆశ్చర్యపోయేలా చేద్దామని. అయినా ఆవిడకి బళ్ల సంగతి ఏం తెలుసు? బస్సెక్కితే చేతిలో నిమ్మకాయ ఉండాలి. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, దిగేదాకా అంతే. ఆటోనగర్ డ్రైవర్లంతా దానికి నన్ను ఆటపట్టిస్తారు. డ్రైవరు పెళ్లానికి డోకులేంటని."

చలపతి కూడా నవ్వాడు. సైదా గారు నవ్వలేదు.

"తాళాలియ్యి" అన్నారు. "నేను తోలతా. నువ్వు వెనక పడుకో."

"పడుకోడమేంటండీ? పక్కన కూర్చుంటా."

"వెనక గదిలో. మంచం మీద."

గురువుగారు చెప్పాక ఇంక మాటేముంది. నాంచారయ్య నిమ్మకాయల సంచీతోనే వెనక్కి వెళ్లి, హీరోయిన్లు పడుకున్న మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. సంతోషంగానే పడుకున్నాడు. మెత్తగా ఉంది. పైన సీలింగ్‌లో నీలం లైట్లు కూడా ఉన్నాయి. ముందు సీట్లో గురువుగారు బిస్మిల్లా అనడం వినిపించింది. బండి కదిలింది.

బందరు రోడ్డెక్కాక కూడా కాసేపు బాగానే ఉంది.

పెనమలూరు దాటాక మొదటి కుదుపు వచ్చింది. ముందు చక్రాలకి తెలిసీ తెలియనట్టు ఉన్న గుంట, వెనక మంచం దగ్గరికొచ్చేసరికి మనిషిని జానెడెత్తు లేపి పడేసింది. ఆ మంచం వెనక చక్రాలకి ఇవతల కాదు, అవతల ఉంది. ఎడమకి తిరిగితే తోకంతా కుడికి ఊగుతోంది. ఇంజను మాత్రం హాయిగా పాడుతోంది. వెనక తలుపు సందులోంచి డీజిల్ పొగ వాసన సన్నగా లోపలికి వస్తోంది. కిటికీ తీద్దామని చూశాడు. హీరోయిన్లు బయటికి కనిపించకూడదని దాన్ని బిగించేశారు.

నాంచారయ్య లేచి కూర్చున్నాడు. కూర్చుంటే ఇంకా తిప్పింది. మళ్లీ పడుకున్నాడు. గురువుగారు బండి ఎంత మెత్తగా తోలుతున్నారో ఆయనకి తెలుస్తూనే ఉంది. తనైనా అంత జాగ్రత్తగా తోలడు. ఆ తోలడానికే ఇలా ఉంటే!

ఇరవై తొమ్మిదేళ్లలో ఆయన ఎప్పుడూ బండికి వెనక కూర్చోలేదు. లారీలో పడుకున్నా క్యాబిన్‌లోనే. బస్సెక్కినా డ్రైవరు పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు. పెళ్లైన కొత్తలో తిరుపతి వెళ్లినప్పుడూ అంతే. మాణిక్యానికి ఆఖరి సీటు దొరికింది. తను ముందు కూర్చుని, వెనక్కి చూపించి, "మా ఆవిడ నిమ్మకాయ సేవ చేస్తోంది" అని డ్రైవరుతో నవ్వాడు. ఆమె కళ్లు తెరిచి తన వైపు ఒకసారి చూసి మళ్లీ మూసుకోవడం ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు పది గంటల ప్రయాణం. ఇప్పుడు తను రాసిపెట్టుకున్నది నాలుగు నెలలు.

సిగ్గేసింది. కడుపులో తిప్పినదానికంటే ఆ సిగ్గే ఎక్కువగా బాధపెట్టింది.

కంకిపాడు దగ్గరికొచ్చేసరికి ఒళ్లంతా చెమటలు. చెయ్యి దానంతటదే సంచీలోకి వెళ్లింది. ఒక నిమ్మకాయ తీసి, గోరుతో గీరి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

బండి వెనక్కి తిరిగి ఆటోనగర్ చేరింది. సైదా గారు వచ్చి వెనక తలుపు తీశారు. శిష్యుడి మొహం చూశారు. నాంచారయ్య నిమ్మకాయ చటుక్కున జేబులో వేసుకుని దిగాడు.

"ఎలా ఉందన్నా? పువ్వులా లేదూ?" అన్నాడు చలపతి.

"షూటింగ్ దగ్గర నిలబెట్టుకోడానికి బాగుంటుంది తమ్ముడూ" అన్నాడు నాంచారయ్య. "గుంటూరు పార్టీని రమ్మను."

ఆ మాట తన నోటి నుంచే వచ్చాక ఆయన చూపు నీలంబండి మీదికి పోయింది. దాని బల్ల మంచం ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ సరిగ్గా మధ్యలో ఉంది. కిటికీ తెరుచుకుంటుంది. మూడోసారికి గాని లేవకపోవడమంటారా, ఇంజను వేడెక్కించే ప్లగ్గులు పోయి ఉంటాయి, ఆటోనగర్‌లో పూటపని. ఈ సంగతి పొద్దున తనకి తెలియదా? తెలుసు. అద్దం చుట్టూ బల్బులు చూసి మర్చిపోయాడు.

"బాగుంది గురువుగారూ, ఇదే..." అనబోయి ఆగిపోయాడు. స్కూటర్ తాళం తీసుకుని పరుగు లంకించుకున్నాడు. యాభై మూడేళ్ల మనిషి ఆటోనగర్ నాలుగో రోడ్డులో అట్లా పరిగెత్తడం చూసి టైర్ల షాపువాళ్లు ఏమైందోనని బయటికి వచ్చారు.

అరగంటలో మాణిక్యం వచ్చింది. పోపు వేస్తున్నదాన్ని స్టవ్ ఆపించి మరీ తీసుకొచ్చాడు. ఎక్కడికి, ఎందుకు అని దారంతా అడిగినా చెప్పలేదు.

"బాబాయిగారూ, ఈయనకేమైంది?" అంది దిగుతూనే.

"ఎక్కు అమ్మాయ్" అన్నారు సైదా గారు. ఆయన అప్పటికే నీలంబండి స్టీరింగ్ ముందున్నారు.

నాంచారయ్య ముందుకి వెళ్లలేదు. భార్యతోపాటు వెనకే ఎక్కాడు. ఆమె భయం భయంగా బల్ల మంచం మీద కూర్చుంది. చేతిసంచీలోంచి నిమ్మకాయ తీసి పిడికిట్లో పట్టుకుంది. ఇల్లు దాటితే ఆమె సంచీలో నిమ్మకాయ ఉండాల్సిందే. నాంచారయ్య కిటికీ తీశాడు. కదలగానే గాలి మొహాన కొట్టింది.

పెనమలూరు దాటింది. ఆ గుంట వచ్చింది, పోయింది. మాణిక్యం లేచి గట్టు దగ్గరికి వెళ్లి పొయ్యి ఎత్తు చూసుకుంది. అలమర తలుపులు లాగి చూసింది, బండి ఊగినా తెరుచుకోకుండా కొక్కేలున్నాయి. "ఎవరో తెలిసినావిడ పెట్టించుకుంది" అంది. చెరుకు తోటలు వచ్చాయి. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏవండీ, కొంగలు చూడండి, ఎన్నో!" అని అరిచింది. ఆ గొంతు ఆయన పెళ్లినాటి నుంచీ విన్నట్టు గుర్తులేదు. ఇంక కాసేపటికి ఆమె ఒకటే ప్రశ్నలు. ఎప్పుడు బయల్దేరదాం, మంచు ఏ నెలలో పడుతుంది, దోసెల పెనం పెద్దది తెచ్చుకోవాలా చిన్నది చాలా.

నిమ్మకాయ ఎప్పుడు వదిలేసిందో, అది మంచం కిందికి దొర్లి ఆగిపోయింది. చూసింది నాంచారయ్య ఒక్కడే.

ఆటోనగర్ చేరాక చలపతితో మాట అయిపోయింది. పూలదండ వచ్చింది. మాణిక్యం కుంకుమ బొట్టు పెట్టింది. నాంచారయ్య సంచీ విప్పి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టుకుంటూ వచ్చాడు. ముందు రెండు, వెనక ఒకటి. సంచీ ఖాళీ.

"నాలుగో చక్రానికేదన్నా?" అన్నాడు చలపతి.

మాణిక్యం భర్త చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉండటం చూసి చెయ్యి పెట్టి బయటికి తీసింది. గోళ్లు దిగబడి, నలిగి, సగం రసం కారిపోయిన నిమ్మకాయ. దాన్ని చూసింది. మొగుడి మొహం చూసింది.

"ఇదేంటండీ, మీ జేబులో?"

నాంచారయ్య తల వంచుకుని నాలుగో చక్రం వైపు చూస్తున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

సైదా గారు స్టీరింగ్ ముందు నుంచి మెల్లగా దిగి తాళాలు శిష్యుడి చేతిలో పెట్టారు.

"ఏం లేదమ్మాయ్. మీ ఆయన ఇవాళ బండి తోలడం నేర్చుకున్నాడు."